గజపతి ముక్క ఎవరికి పడింది?

తెలుగు దినపత్రికల్లో పేకాట అనగానే కనిపించేది ‘పేకాటరాయుళ్ల అరెస్టు’ అనే జిల్లా వార్త. ఢిల్లీలో అదే పేకకు మర్యాద వేరు. దసరా దాటిందంటే ద్వారకా నుంచి నోయిడా దాకా ఇంటింటా ‘తాష్ పార్టీ’లే. దీపావళి ముందు మూడుముక్కలాట ఆడటం లక్ష్మీకటాక్షానికి శకునమని ఇక్కడివాళ్ల నమ్మకం. మన తెలుగు కుటుంబాలూ ఆ పిలుపులు కాదనలేవు. పెద్దవాళ్లు హాల్లో ముక్కలు పంచుకుంటూ ఉంటే పిల్లలు పక్కగదిలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఆ పక్కగదికీ ఒక పేక ఇవ్వమన్నదే మా మనవి, డబ్బు పందెం లేకుండా, కథలు చెప్పుకోవడానికి.

ముక్కలు చేతిలో ఉంటే నాలుకలు ఎలా లేస్తాయో ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంటి పేకాట చదివినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1973లో వచ్చిన ‘ది కాసిల్ ఆఫ్ క్రాస్డ్ డెస్టినీస్’లో అడవి దాటి వచ్చిన బాటసారులకు మాట పడిపోతుంది. టారో ముక్కలు బల్లమీద పేరుస్తూ ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. ఢిల్లీలో పుట్టి, తెలుగు అర్థమైనా జవాబు మాత్రం హిందీలో ఇచ్చే మన పిల్లలు ఆ బాటసారులకు దగ్గరి చుట్టాలే.

ఈ నేలకు పేక పాతదే. బాబరు 1527లో, సింధు ఏలిక షా హసన్ ముచ్చటపడి అడిగాడని, ఆగ్రా నుంచి గంజీఫా ముక్కలు పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్బరు నాటి పేకను అబుల్ ఫజల్ ‘అయినే అక్బరీ’లో తీరుబడిగా వర్ణించాడు. పాత పద్ధతిలో పన్నెండు రంగులు, రంగుకు పన్నెండు ముక్కలు, మొత్తం 144. మొదటి రంగు అశ్వపతి, ఢిల్లీ పాదుషాలా గుర్రం మీద. రెండోది గజపతి, ఒరిస్సా రాజులా ఏనుగు మీద. మూడోది నరపతి, బీజాపూరు ఏలికలా. ‘రాయవాచకం’ చదివిన తెలుగువాడు ఇక్కడ ఉలిక్కిపడతాడు. మన లెక్కలో నరపతి అంటే విజయనగర రాయలు కదా! ఆ ముక్క చేతులు ఎలా మారిందో చెప్పమంటే చాలు, ఒక నవలకు సరిపడా సరుకు దొరుకుతుంది.

అయితే మమ్మల్ని ఎక్కువ ఆకట్టుకున్నవి అక్బరు సవరించిన పేకలోని చిన్నముక్కలు. ధనపతి రంగులో రాజు, మంత్రి పోగా మిగిలిన పదింటి మీదా టంకసాల మనుషులే: రత్నాలు పరీక్షించేవాడు, లోహం కరిగించేవాడు, తూకం వేసేవాడు, నాణెం ముద్రించేవాడు, మొహరీలు లెక్కపెట్టేవాడు. బరాత్, అంటే చెల్లింపు పత్రాల, రంగులో కాయితం తయారుచేసేవాడూ ఉన్నాడు. గులాముల రంగులో కొందరు కూర్చుని, కొందరు పడుకుని, కొందరు తాగి, కొందరు తాగకుండా. రాజు ముక్క పడితే పిల్లవాడు ‘అనగనగా ఒక రాజు’ దగ్గరే చిక్కుకుపోతాడు. కరిగించేవాడూ తూకంవాడూ పక్కపక్కన పడితే, తగ్గిన బంగారం ఎటుపోయిందన్న అనుమానం దానంతటదే పుడుతుంది.

మన చేర్యాల నకాషీ పటమూ బొమ్మల కథే. కానీ దాన్ని వరసగా విప్పాలి, మధ్యలో కలపడానికి వీల్లేదు. నిర్మల్ చిత్రకారులు గంజీఫాలు కూడా గీశారు. వాటిని ఎన్నిసార్లయినా కలపొచ్చు. కోసి పంచిన ప్రతిసారీ వరస మారుతుంది.

బజారులో కథలాటల పెట్టెలు దొరక్కపోలేదు. 1993 నాటి ‘వన్స్ అపాన్ ఎ టైమ్’, 2008లో వచ్చిన ‘డిక్సిట్’ పేరున్నవే. డిక్సిట్ బొమ్మలకు భాష లేదు కనుక తెలుగులోనూ బాగా ఆడుకోవచ్చు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ మాత్రం పరదేశపు రాకుమార్తెల లోకం, మాకు అంతగా రుచించదు. ఖాళీ విజిటింగ్ కార్డుల కట్ట ఒకటి కొని పిల్లల చేతే గీయించడం మేలు. గేటు దగ్గర రిజిస్టరు పట్టుకున్న గార్డు, ఇస్త్రీబండి, రాజీవ్ చౌక్ మెట్రోలో మరచిపోయిన గొడుగు, నవంబరు పొగ, ఆంధ్రాభవన్ భోజనం క్యూ, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో దిగిన ఆవకాయ జాడీ.

మూడేసి ముక్కలు పంచండి. పక్కవాడు వదిలిన చోటు నుంచే కథ అందుకోవాలి, మూడూ వాడితేనే షో. ఒక ముక్కను జోకర్ అనుకోండి, అది పడినవాడు అమ్మమ్మకు ఫోన్ చేసి ఒక తెలుగు మాట అడిగి తెచ్చి కథలో కలపాలి. మధ్యలో హిందీ దొర్లితే దొర్లనివ్వండి. దానికి జరిమానా పెడితే ఆట కాస్తా ట్యూషన్ అయిపోతుంది, రెండో వారం ఎవరూ కూర్చోరు. కథ తప్పుదారి పట్టినా పెద్దలు కల్పించుకోవద్దు. హాల్లో తమ ముక్కలు తాము చూసుకోవడం వాళ్లకు ఎలాగూ అలవాటే.

పిల్లలు గీసిన పేకలు, వాటితో అల్లిన కథలు మాకు పంపించండి, పిల్లల పేజీలో వేస్తాం. రాజుల ముక్కలు ఒకటి రెండుంటే చాలు.