ఒడుపు ఒక్కటే చాలదు

సంపాదకులకు,

వయసు మీదపడి బలం పోయినా ఒడుపు నిలుస్తుందని, అందుకు కర్రసాము గురువులూ తాయ్‌చీ సాధకులూ సాక్ష్యమని మీ పాఠకుడొకరు రాశారు. సగమే ఒప్పుకోగలను. కర్ర తిప్పేది మణికట్టే అయినా, ఆ తిప్పడానికి ఆధారం మోకాళ్లు వంచి నిలిచిన కాళ్లు. తొడల్లో సత్తువ తగ్గితే అడుగు ఆలస్యమవుతుంది. దెబ్బ ఎటునుంచి వస్తుందో ముందే తెలిసినా తప్పుకోలేం. తాయ్‌చీ వల్ల వృద్ధులు పడిపోవడం తగ్గుతుందని పరిశోధనలు చెప్పే మాట నిజమే. కానీ ఒంటి బరువంతా నిదానంగా ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మార్చడం బలసాధన కాక మరేమిటి?

మరి కళరిపయట్టు యుద్ధవిద్య గురువు, వడకర మీనాక్షి అమ్మ సంగతేమిటని అడగవచ్చు. 2017లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆవిడకు డెబ్బై దాటాయి. ఏడేళ్లప్పుడు మొదలెట్టిన కళరిపయట్టును ఆవిడ వదల్లేదు; అంటే బలం పోయాక ఒడుపుతో నెట్టుకొచ్చిన మనిషి కాదు, బలాన్ని పోనివ్వని మనిషి. అందరికీ అంత పునాది ఉండదంటారా? కోడి రామమూర్తి నాయుడు గుండెమీద ఏనుగును మోసిన కథలు చెప్పుకుని, బలమంటే పడుచు మల్లుల సొత్తనుకోవడం మనకు అలవాటు. కానీ 1990లో అమెరికాలో సగటున 90 ఏళ్లున్న కొద్దిమంది వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తిస్తే కండబలం రెట్టింపు దాటింది. చిన్న ప్రయోగమే, కాదనను. సాధన ఆపిన నాలుగు వారాల్లో ఆ బలంలో దాదాపు మూడోవంతు తగ్గింది కూడా.

— ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా