కొలతకు కుట్టిన కంప్యూటర్

రైల్వే భవన్‌లో కంప్యూటర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఖరగ్‌పూర్ జ్ఞాపకం వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి మన ఉత్తరాంధ్ర కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన ఊరది. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారమన్న కీర్తిని 2013లో గోరఖ్‌పూర్ తన్నుకుపోయినా, ఊరివారు పెద్దగా చింతించినట్లు లేదు.

2017 నవంబరులో అక్కడ 800 మార్గాల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ నెలకొల్పారు. ఆసియాలోనే పెద్దదని రైల్వేవారు చాటుకున్నారు. ఇటువంటి సాఫ్ట్‌వేర్ అంగడిలో కొని తెచ్చి బిగించేది కాదు. ఏ పాయింటు ఎటు తిరిగి ఉంటే ఏ సిగ్నల్ ఇవ్వవచ్చునో, ఏది ఇవ్వరాదో, ఆ యార్డు పటం ముందు పెట్టుకొని ఆ యార్డుకే వ్రాయాలి. ఒంటి కొలతకు కుట్టిన చొక్కా వంటిది. స్టేషను మాస్టరు తెరమీద మార్గం ఎంచుకొనగానే పాయింట్లు సర్దుకొంటాయి. దానికి అడ్డువచ్చే మార్గాలన్నీ మూసుకొంటాయి. రద్దీ యార్డులో ఆదా అయ్యే నిమిషాలతో మరికొన్ని రైళ్లు నడపవచ్చు.

ఇంతవరకు బాగున్నది. కాని అదే ఖరగ్‌పూర్ డివిజనులో, బాలాసోర్ చేరువనున్న బహనగా బజారులో, 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులో ఆగివున్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. అక్కడా ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగే. సిగ్నల్ సర్క్యూట్ల మార్పులలో జరిగిన పొరపాట్లే కారణమని భద్రతా కమిషనర్ తేల్చినట్లు మంత్రి రాజ్యసభకు తెలిపారు. పాయింటు లూప్ వైపు ఉండగా, మెయిన్ లైనుకే ఉన్నదని యంత్రానికి కబురందింది. అది ఆ కబురును నమ్మి పచ్చదీపం చూపింది.

ఢిల్లీ మంజూరు చేసే అంచనాలలో సాఫ్ట్‌వేర్ ధరతోపాటు, తీగ తీగనూ పటంతో సరిచూచే సిబ్బంది, అందుకు కావలసిన వ్యవధి కూడా చేరాలని నా వాదన. రైళ్లు ఆలస్యమవుతాయన్న నెపంతో ఆ వ్యవధిని కుదించే అధికారం ఎవరికీ ఉండరాదు.