ఎవరూ లేకుండానే మాటలు వినబడితే

"మా పెద్దబ్బాయికి గదిలో ఎవరూ లేకపోయినా మాటలు వినబడుతున్నవట. రాత్రిళ్లు ఒంటి మీద చీమలు పాకుతున్నవని దులుపుకుంటున్నాడు. ఇది దయ్యమా? ప్రార్థన చేయిస్తే చాలునా?" అని సుమ్మాదేవి నుండి ఒక తల్లి వ్రాశారు.

అమ్మా, ప్రార్థన మానవద్దు. దానితోపాటు డాక్టరు గారికి చూపించండి. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే గదా!

పురుగులు పాకినట్లుండడం తాగుడు హఠాత్తుగా మానినవారిలో రెండు మూడు రోజులకు తరచుగా కనబడుతుంది. వణుకు, చెమటలు, మూర్ఛ తోడైతే ప్రాణాపాయం. తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి చేర్చాలి. (కూటంలో తీర్మానం చేసుకుని ఒక్కరోజులో సీసా వదిలినవారి విషయంలో కాపరులు ఇది గుర్తుంచుకోవాలి.) మన ఉద్దానంలో మరో కారణమూ ఉంది. కిడ్నీలు బాగా చెడితే రక్తంలో మలినాలు పేరుకుని మనిషి తికమకపడతాడు; లేనివి కనబడతవి, వినబడతవి. క్రియాటినిన్ పరీక్ష చేయించండి. 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆస్పత్రి పలాసలోనే ఉంది.

ఇవేవీ కాక వారాల తరబడి మాటలు వినబడుతుంటే మానసిక వ్యాధి కావచ్చు. దానికి మందులున్నవి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంతదూరం వెళ్లేలోగా 14416కు ఫోను చేయండి. టెలి మానస్ వారు తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళనైనా మాట్లాడతారు.

ఇంట్లో అతనితో వాదించకండి, అవునని తలూపకండి. "నాకు వినబడడం లేదు నాయనా, నీకు వినబడుతోందంటే నమ్ముతున్నాను" అనండి. చిన్నగా పాటలు పెడితే, పక్కన కూర్చుని కబుర్లాడితే కొందరికి ఆ గొంతులు తగ్గుతవి. అవి ఏమంటున్నవో అడగండి. చచ్చిపొమ్మంటున్నవంటే ఒంటరిగా వదలవద్దు, పురుగుల మందు ఇంట్లో ఉంచవద్దు.

అతనిచేత ఉపవాసం చేయించవద్దు. చావు కోరుకున్న ఏలీయాకు దూత మొదట తెచ్చినవి రొట్టె, నీళ్లు. కట్టివేయడం అసలే వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో ఉన్న మానసిక రోగులు పారిపోలేక పోయారు. 28 మంది చనిపోయారు. వారిని అక్కడ చేర్చినది స్వస్థత కోరిన ఇంటివారే. 2017 చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. డాక్టరు గారిని అడగకుండా మందులు ఆపమని ఎంతటి దైవజనులు చెప్పినా ఆపకండి.

మీ అబ్బాయికి తాగుడు అలవాటుందా, ఈ మధ్య మానాడా అన్నది మీ ఉత్తరంలో లేదు. కోపపడకుండా ఈ రాత్రికే అడగండి.