ముంపు ఊళ్లు: రసీదు మీద ఒక్క మాట

లక్సెట్టిపేట: శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన జరిగినది. సుమారు 20 టీఎంసీల నీరు నిలపడానికి గోదావరి ఈ ఒడ్డున కర్ణమామిడి, పడ్తనపల్లి, ఆ ఒడ్డున చేగ్యాం వంటి ఊళ్లు ముంపు కింద పోయినవి. 2015 నుండి ఆ నీరు హైదరాబాదు నల్లాలకు కూడా చేరుతున్నది.

1894 నాటి భూసేకరణ చట్టం, భూమి కావలెనని మొదట ప్రకటన వెలువడిన నాటి ధరనే లెక్కలోకి తీసుకున్నది. దానిపై 30 శాతం సొలేషియం, ఏటా 12 శాతం అదనం ఉన్నా, పెంకుటిల్లు పోయిన మనిషి కొత్త జాగ కొనవలసింది ఊరు విడిచిన నాటి ధరకు. ఊళ్లకు ఊళ్లు ఒక్కసారే జాగలు వెతికితే ధర ఆగుతుందా?

ఇక జీతగాడు, కూలి. పట్టా లేనందున వారు ఆ చట్టానికి కనిపించనే లేదు. 2014 జనవరి 1 నుండి అమలైన కొత్త చట్టం, మూడేళ్లుగా ఆ భూమి మీద బ్రతికినవారిని బాధిత కుటుంబాలుగా గుర్తించింది.

రెండు చట్టాల్లోనూ మారనిది ఒకటున్నది. డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరం తెలుపనివారికి, ఎక్కువ ధర కోసం కోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది. అవార్డు తరువాత గడువు కూడా తక్కువే. వేలిముద్ర వేసే రైతుకు ఈ మాట చెప్పేదెవరు?

అయితే అదే ప్రకటన కింద పొరుగువానికి కోర్టు ధర పెంచితే, కోర్టుకు పోనివారు సైతం మూడు నెలల లోపల కలెక్టరుకు దరఖాస్తు పెట్టి అదే ధర అడుగవచ్చు. ఊరు ఊరుగా ఉన్నప్పుడు తీర్పు సంగతి సాయంత్రానికి రచ్చబండ మీదికి వస్తుంది. ఒకరు మంచిర్యాలలో, ఒకరు లక్సెట్టిపేటలో చెదిరి ఉన్నవారికి ఆ తేదీ తెలిసేలోగా మూడు నెలలు గడిచిపోగలవు.