ఎగ్గొట్టింది ఎవరు?

బ్యాంకు అప్పు తీసుకుని కట్టనివాణ్ణి డిఫాల్టర్ అంటారు. వేల కోట్లు ముంచి విమానమెక్కినవాళ్లని ఆ మాట అనడానికి మన పేపర్లు మొహమాటపడతాయి. టీబీ మందు మధ్యలో ఆపేసిన కూలోడికి మాత్రం ఆస్పత్రి రిజిస్టర్లో ఏళ్ల తరబడి రాసిన పేరు అదే. ఇది రోగిని దోషిని చేసే మాట అని ఒప్పుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దాన్ని తీసేసింది. కాగితం మీద మాట మారింది, వరండాల్లో నోళ్లు మారలేదు. "మీవాళ్లకి ఎంత చెప్పినా అంతే. ఫ్రీగా ఇచ్చినా మింగరు" అనే మాట మన అనకాపల్లి చుట్టుపక్కల పేటల్లో తిరిగే ఎవరికైనా కొత్త కాదు. "మీవాళ్లు" అంటే ఎవరో విడమరచి చెప్పక్కర్లేదు కదా.

సరే, మింగరు. ఎందుకు మింగరు? ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఎంతమంది?

మామూలు టీబీకి ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిపినవి. మనిషి బరువును బట్టి రోజుకి ఎన్ని మాత్రలో లెక్క. ఇందులో రిఫాంపిసిన్ ఉంటుంది. అది వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్లు కూడా ఎర్రగా, నారింజ రంగులో వస్తాయి. దాంతో ప్రమాదం లేదు. కానీ ముందే చెప్పకపోతే మనిషి ఏమనుకుంటాడు? రక్తం పోతోందనుకుంటాడు. అదే మందు గర్భం రాకుండా వాడే మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. ఈ మాట మన ఆడవాళ్లకి చెప్పినవాళ్లు ఎందరు?

ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లు మంటలు, చేతులు తిమ్మిర్లు. పైరాజినమైడ్ వల్ల కీళ్లు పట్టేస్తాయి. ఇథాంబ్యుటాల్ కొందరికి చూపు మసకబారుస్తుంది, ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియకుండా చేస్తుంది. వీటిలో మూడు మందులు కాలేయం మీద పడగలవు. ఇక వాంతి, వికారం, అన్నం సయించకపోవడం చాలామందికి మొదటి వారాల్లోనే మొదలవుతాయి. "దగ్గు తగ్గిందో లేదో గానీ ఆ మాత్రలేస్తే ఒళ్లంతా మండిపోతంది బాబూ" అనే మాట వెనక ఉన్నది ఇదంతా. అది మూర్ఖత్వం ఎలా అవుతుంది? తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్తున్నాడు. వినాల్సినవాడు వినడం లేదు.

ఇప్పుడు అసలు విషయం. మాత్ర అందరికీ ఒకటే. దాని బాధ అందరికీ ఒకటి కాదు. ఐసోనియాజిడ్ తెచ్చే తిమ్మిర్లు తిండి సరిగా లేనివాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, సారా అలవాటున్నవాళ్లకి ఎక్కువగా వస్తాయని వైద్యశాస్త్రమే చెబుతోంది. వాటిని ఆపడానికి బీ6 విటమిన్ మాత్ర ఉంది, చాలా చవక. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పెరుగుతుంది. మరి చెరకు కొట్టడానికో, క్వారీకో, కంపెనీ వ్యానెక్కడానికో తెల్లారకముందే బయల్దేరేవాడి కడుపులో ఏముంటుంది? నీడపట్టున పని చేసుకునే ఉద్యోగికి వాంతి అయితే సెలవు చీటీ రాస్తాడు. కూలోడికి వాంతి అయితే ఆ రోజు కూలి పోతుంది. నాలుగు రోజులు కూలి పోయాక ఇంట్లో బియ్యమా, ఆస్పత్రి మాత్రా అని తేల్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు మందు ఆపినవాణ్ణి ఎగ్గొట్టినవాడు అంటున్నాం.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా? తెలుసు. అందుకే 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 500 రూపాయలు పెట్టింది, 2024 నవంబర్ నుంచి 1000 చేసింది. రోజుకి 33 రూపాయలు. అరలీటరు పాల ప్యాకెట్‌తో అయిపోతుంది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగులకి మందుతో పాటు నెలకి 10 కిలోల తిండి సరుకులు ఇచ్చి చూశారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు తగ్గాయి. ఇంట్లో మిగతావాళ్లకి కూడా తిండి ఇచ్చిన చోట, వాళ్లకి టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ పత్రికల్లో అచ్చయిన ఫలితాలివి. అన్నం కూడా మందే అని శాస్త్రం రుజువు చేసి చూపించాక కూడా చేతిలో 33 రూపాయలు పెట్టి "మీవాళ్లు మింగరు" అనడం ఏ న్యాయం? ప్రజల పోషకాహారం, ఆరోగ్యం మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణంలో రాసి ఉంది. బాకీ పడింది ఎవరు?

ఇంకో సంగతి చూడండి. మన అనకాపల్లి జిల్లా మందులకి పేరుపడిన జిల్లా. పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఉంది, అచ్యుతాపురంలో సెజ్ ఉంది. 2024 ఆగస్టు 21న ఆ సెజ్‌లోని ఓ ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ప్రపంచానికి మందులు తయారుచేసే చోట పనిచేసేవాడి ప్రాణానికి లెక్క లేదు. ఆ పక్క ఊళ్లోనే మందు మింగేవాడి బాధకి లెక్క లేదు. ఈ రెండూ వేరువేరు కథలని నేననుకోను.

"సైడ్ ఎఫెక్టుల గురించి ముందే చెబితే జనం భయపడి మానేస్తారు" అని కొందరు డాక్టర్లు అంటారు. తలకిందుల వాదన ఇది. మూత్రం ఎర్రగా వస్తుందని తెలిసినవాడు రెండో రోజు నవ్వుకుంటాడు. తెలియనివాడు రెండో రోజే మాత్రలు చూరులో దోపేస్తాడు. చదువుకున్నవాడికి ప్రైవేటు క్లినిక్‌లో కూర్చోబెట్టి చెప్పేదాన్ని మనోళ్లకి దాచడం జాలి అనిపించుకోదు. వీళ్లకి చెప్పినా అర్థం కాదులే అనే పాత కులబుద్ధే అది.

నోరు తెరిచినవాళ్లు ఏం సాధించారో కూడా తెలుసుకోవాలి. మందులకి లొంగని టీబీకి కనామైసిన్ లాంటి ఇంజక్షన్లు నెలల తరబడి పొడిచేవారు. ఎందరికో వినికిడి శాశ్వతంగా పోయింది. ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకి చెందిన ఫుమెజా టిసిలే అలా వినికిడి పోగొట్టుకున్నవాళ్లే. నోటి మాత్రగా వచ్చిన కొత్త మందు బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని పొడిగించుకోబోతుంటే, 2019లో ఈ ఇద్దరూ మన దేశపు పేటెంటు ఆఫీసులో అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తు కొట్టేశారు. కనామైసిన్ ఇక వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఒంటి మీద పడిన దెబ్బని సాక్ష్యంగా నిలబెట్టిన ఆడపిల్లలు వాళ్లు.

నమోదు కాకపోతే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకి, అందులో ఎందరో ఆదివాసీ హాస్టల్ పిల్లలకి, హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు కింద ఇంజక్షన్లు వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. వాళ్ల చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు. నేను టీకాకి వ్యతిరేకినీ కాదు. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారనీ, టీకా తర్వాత పిల్లలకి ఏమవుతోందో చూసే ఏర్పాటు సరిగా లేదనీ పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. చూసే ఏర్పాటే లేనిచోట "ఏమీ జరగలేదు" అనడం చాలా తేలిక.

అందుకే విద్యార్థి మిత్రులకి పని చెబుతున్నాను. మొదటి మాట: మందు ఆపమని ఎవరికీ చెప్పొద్దు. సగంలో ఆపిన టీబీ మొండిదై తిరిగొస్తుంది, మనిషిని తింటుంది. ఆకు పసరు పోస్తామనేవాళ్లని దూరం పెట్టండి. మీ పేటలో మందు మొదలుపెట్టినవాళ్ల దగ్గరికి మొదటి నెల వారానికోసారి వెళ్లండి. ఎర్ర మూత్రం గురించి ధైర్యం చెప్పండి. వికారమైతే కాస్త తిన్నాక వేసుకోవచ్చా అని సిస్టర్‌ని అడిగించండి. తిమ్మిర్లయితే బీ6 అడగండి. చూపు మసకబారితే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా తర్వాతి మాత్ర వేసుకోకముందే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు మార్చాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది డాక్టర్ తేల్చాలి. తేల్చేదాకా అక్కడే కూర్చోండి.

తర్వాత రాయించండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. రోగి స్వయంగా నింపే ఫారం తెలుగులో ఉంది. ఉచిత ఫోన్ 1800-180-3024. టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666. ఒక్కో ఫారం ఒక్కో సాక్ష్యం. మన పేటల నుంచి అలాంటివి వందల్లో వెళ్లిన రోజు "మీవాళ్లు మింగరు" అనే నోళ్లు మూతపడతాయి.

చెప్పాల్సింది చెప్పనివాడు, పెట్టాల్సిన అన్నం పెట్టనివాడు, వినాల్సిన బాధ విననివాడు. రిజిస్టర్లో ఆ పాత మాట రాయాలంటే ముందు ఈ ముగ్గురి పేర్లూ రాయండి. మనోడి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

జై భీమ్.