సెల్ఫీ అయ్యాక ఇంకో గంట ఉండండి

ఆదివారం పొద్దున హైదరాబాద్ మొజంజాహి మార్కెట్ దగ్గరికి వెళ్తే రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. షట్టర్లు ఎత్తుతున్న దుకాణదారులు, ఫోన్లు ఎత్తుతున్న కాలేజీ కుర్రకారు. ఈ రెండోవాళ్లు గడియారం టవర్‌తో సెల్ఫీ, ఒక రీల్ ముగించుకుని పావుగంటలో బండెక్కేస్తారు. తప్పేం లేదు, నేనూ అదే చేసేవాణ్ని. కానీ మీరు ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లయితే ఇంకో గంట అక్కడే ఉండండి.

ఎందుకో చెప్తా. బీటెక్ అయ్యాక ఏడాదికి దగ్గరగా ఖాళీగా ఉన్నాను. ఒక ఇంటర్వ్యూలో నా రెజ్యూమెలో హాబీ 'ఫొటోగ్రఫీ' అని చూసి, 'ఏవీ, చూపించండి' అన్నారు. ఫోన్ తీశాను. చార్మినార్, చాయ్ కప్పు, స్నేహితుడి బైకు... 4 వేల ఫొటోలున్నాయి, చూపించడానికి నాలుగు లేవు. 'వీటితో ఏం చెప్పాలనుకున్నారు?' అని అడిగితే నోట మాట రాలేదు. మన రెజ్యూమెల్లో ప్రాజెక్టుల సంగతీ చాలావరకు ఇంతే కదా. పేరుంటుంది, అది మనం చేసిందని చూపించే ముక్క ఉండదు.

ఆ తర్వాత వరసగా ఆదివారాలు మొజంజాహి మార్కెట్‌కే వెళ్లాను. 1935లో కట్టిన రాతి కట్టడం. చివరి నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. ఒకప్పుడు పండ్లకు పేరుపడింది, ఆ టోకు వ్యాపారం తర్వాత కొత్తపేటకు తరలిపోయింది. పాడుబడుతున్న కట్టడాన్ని 2018లో బాగుచేయడం మొదలుపెట్టి 2020లో మళ్లీ ప్రారంభించారు. రాయి శుభ్రమైంది, ఆవరణలో వెలసిన షెడ్లు పోయాయి, రాత్రిపూట దీపాలొచ్చాయి. ఫొటోకి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. అక్కడే పొరపాటు చేస్తాం. అందమైన గోడ ముందు అందమైన ఫొటో ఎవరికైనా వస్తుంది. బాగుచేశాక ఎవరి బేరం పెరిగింది, ఎవరిది తగ్గింది, షెడ్లవాళ్లు ఏమయ్యారు అని అడిగితేనే మీ ఫొటో మీదవుతుంది.

ఒక అత్తరు దుకాణంలో అడక్కుండా క్లిక్ కొట్టబోయాను. 'బేటా, ముందు కూర్చో. ఫొటో ఎక్కడికీ పోదు' అన్నారు పెద్దాయన. కూర్చున్నా. మరమ్మతుల రోజుల్లో బేరం ఎలా సాగిందో, ఇప్పుడొచ్చే జనంలో కొనేవాళ్లెందరో, ఫొటోలు దిగి పోయేవాళ్లెందరో అరగంట సేపు చెప్పారు. అప్పుడు ఆయన్ని అడిగే తీశాను. సీసాలోకి అత్తరు వంచుతున్న చేతులు. నా 12 ఫొటోల వరసలో అదే మొదటిది.

కెమెరా కొనక్కర్లేదు, ఫోన్ చాలు. పొద్దుటి ఏటవాలు ఎండలో రాయి గరుకుదనం తెలుస్తుంది, మధ్యాహ్నం అదే గోడ చప్పగా ఉంటుంది. తెర మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. ఫోన్ పైకి వంచి తీస్తే టవర్ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, రోడ్డుకు అవతలి నుంచి తీయండి (చూసుకుని దాటండి, అక్కడి ట్రాఫిక్ మామూలుది కాదు). అసలు కష్టం రాత్రి ఇంటికొచ్చాక. 300 ఫొటోల్లో 288 పక్కన పెట్టాలి. మిగిలిన ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాయాలి, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో. నాకు దానికే మూడు రాత్రులు పట్టింది.

'ప్లేస్‌మెంట్లు పెట్టుకుని ఈ ఫొటోలేంట్రా' అని ఇంట్లో అంటారు. మా నాన్న కూడా అన్నారు. కోడింగ్ మానేయమని నేను చెప్పడం లేదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కూడా రూర్కీలో ఇంజినీరింగ్ చదివినవారే. ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు, మానేసి కాదు. ఆ 12 ఫొటోల వల్లే నాకు ఉద్యోగం వచ్చిందనీ చెప్పను. తర్వాతి ఇంటర్వ్యూలో మాత్రం వాటి గురించి పది నిమిషాలు తడబడకుండా మాట్లాడాను. ఎందుకంటే బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

గాంధీభవన్ మెట్రోలో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. రెండోసారి వెళ్లేటప్పుడు మొదటివారం తీసిన ఫొటోలు ప్రింట్ వేయించి ఆ దుకాణాల్లో ఇవ్వండి. నేనిచ్చినదాన్ని పెద్దాయన గల్లాపెట్టె మీది అద్దం కింద పెట్టుకున్నారు. పోయిన నెల వెళ్తే ఇంకా అక్కడే ఉంది, కాస్త రంగు వెలిసింది. 'ఇంకోటి తీసుకురా' అన్నారు.