కుండీలోని తీగ

గౌలిపురలో ఒక ఇంటి పూలకుండీలో ఎవరూ నాటని తీగ అల్లుకొని నీలిపూలు పూస్తే, చూసినవారు దానిని తూటికూర అనుకోవడం సహజం. ఉదయం విచ్చి మధ్యాహ్నానికి వాడే గరాటు వంటి పూవు తూటి జాతిలో అనేకం. పూవును మాత్రమే చూసి పేరు నిర్ణయించరాదు. ఆకునూ కాడనూ పరిశీలించాలి. ఆకు ఈకవలె చీలి, పూవు ఎర్రనిదైతే అది కాశీరత్నం. (కాశీ పేరు ధరించినా దాని పుట్టిల్లు అమెరికా ఖండం.) నీటి తావున పాకే బోలుకాడ తూటికూరది. ఆకు మూడు తమ్మెలుగా చీలి, కాడపై నూగు, పూవున నీలిమ ఉంటే, యునానీ వైద్యంలో కాలాదానాగా ప్రసిద్ధమైన గింజలనిచ్చే తీగ కావచ్చు. ఆ గింజలు తీవ్ర విరేచనకారులు. తెలియక తింటే ప్రమాదం. కాయ పండితే గింజలనూ పోల్చి చూడవచ్చు. అంతవరకు తీగను పెరికివేయడమూ, ఆకును కూరగా వండడమూ తొందరపాటే.